చింబుటో దాకా సాగనంపు

మార్చి 26, గురువారం

మధ్యాహ్నం మిషను ప్రధాన కార్యాలయం నుంచి ఛైర్మన్‌గారు వచ్చారు. టీ, చిలగడదుంపలు, ఉడికించిన గుడ్లు పెట్టాను. ఈయన కోసం పక్కన పెట్టిన గుడ్డు కూడా ఛైర్మన్‌గారి పళ్ళెంలోకే వెళ్ళింది.

వచ్చిన పని చింబుటో గురించి. కొండల్లో ఉన్న ఆ సంఘానికి మూడేళ్ళుగా ఏ పాస్టరూ చేరలేదు. అందులో రెండేళ్ళు చేరలేకపోయింది ఈయనే. ఒక ఏడు బురద, ఇంకో ఏడు వంతెన కొట్టుకుపోయింది.

"పాస్టర్ మ్సిస్కా, ఈ ఈస్టర్‌కి మీరు అక్కడుండి బాప్తిస్మాలిస్తే సరే. లేదంటే సంఘాల జాబితాలోంచి చింబుటో పేరు కొట్టేస్తాం. మిమ్మల్ని సరస్సు ఒడ్డున పట్నంలో ఆఫీసుకి తీసుకుంటాం. ఇల్లు కూడా ఉంది," అన్నారు ఛైర్మన్‌గారు.

ఈయన మొహం చిన్నబోయింది. నేనైతే ఏమీ అనుకోలేదు. ఆ ఇల్లు నేనొకసారి చూశాను. వంటింట్లోనే కొళాయి ఉంది. ఇలా తిప్పితే నీళ్ళొస్తాయి. దాంతో నాకేం పని? ఇక్కడ బిందె నెత్తిన పెట్టుకుని బోరింగు దాకా నడవడం ఒంటికి మంచిది.

మార్చి 27, శుక్రవారం

సర్దినవి: మొక్కజొన్న పిండి, ఉప్పు, ఎండు ఉసిపా చేపలు, సబ్బు, పంచదార (డబ్బా నిండా), పాటల పుస్తకాల పెట్టె, ఈయన నల్ల కోటు.

పంచదార పోస్తుంటే చింబుటోలో ఉండే సోజీన్యో తాత గుర్తొచ్చాడు. పోయిన ఏడు అక్కడినుంచి నడిచొచ్చి మా వరండాలో కూర్చుని, "ఈ ఏడైనా వస్తారా అమ్మగారూ?" అని అడిగాడు. బాప్తిస్మానికని కుట్టించుకున్న తెల్ల చొక్కా ప్లాస్టిక్ సంచీలోంచి తీసి చూపించాడు. ఏళ్ళ తరబడి మడతలో ఉండి పసుపెక్కింది. ఉతికి ఆరేసి ఇచ్చాను. టీలో ఆరు చెంచాల పంచదార వేసుకున్నాడు. అది ఎందుకు గుర్తుందో తెలియదు.

మార్చి 28, శనివారం

కొళాయి గురించి నిన్నమొన్న రాసింది ఊరికే రాశాను.

మార్చి 30, సోమవారం

బయలుదేరాం. మిషను పికప్ ఎడమ తలుపుకు గడియ లేదు. నడుముకి చుట్టుకునే నా పాత చిటెంజె గుడ్డతో కట్టాం. ఆ పక్క కూర్చునేది నేను. వెనక సామాను మీద సంఘపెద్ద లైటోన్. దారి తెలిసినవాడని తీసుకొచ్చాం.

ఈయన ప్రతి నీటిగుంట ముందూ ఆగి, కళ్ళు మూసుకుని ప్రార్థన చేసి, కళ్ళు తెరవకుండానే గేరు వేస్తారు. ఏళ్ళుగా చెబుతున్నాను. "న్యగోండ్వే, విశ్వాసం ఉండాలి," అంటారు. విశ్వాసం నాకూ ఉంది. కళ్ళు కూడా ఉన్నాయి.

"ఇంకెంత దూరం లైటోన్?"

"దగ్గరే అయ్యగారూ."

"పొద్దున్న కూడా దగ్గరే అన్నావు."

"పొద్దున్నకంటే దగ్గరే కదండీ."

చెరుకు తోటలు దాటాక బురదలో రెండు చక్రాలు దిగబడ్డాయి. తవ్వి, కొమ్మలు పరిచి, తోసి, మళ్ళీ తవ్వి, చీకటి పడకముందే న్యమితుతు చేరాం. అక్కడి మహిళా సంఘం పెద్ద గోగో ఎలుబీ ఇంట్లో బస. గోగో అంటే ఇక్కడ అవ్వ. ముసలావిడే గానీ నడుం ఎక్కడా వంగలేదు. మొక్కజొన్న సంకటి న్సీమా, బెండకాయ పులుసు పెట్టింది. వద్దన్నా వినకుండా ఒక ఎర్రకోడిని చేతిలో పెట్టింది. ప్రాణంతోనే. ఇక్కడ అతిథికి కోడినివ్వడం మర్యాద, కాదనడం అమర్యాద. రేపు మధ్యాహ్నం వండేస్తాను.

మార్చి 31, మంగళవారం

పొద్దున్న బండి కదలగానే గోగో ఎలుబీ తెల్ల జాకెట్టు, తెల్ల తలగుడ్డతో సాగనంపడానికి బయలుదేరింది. వెనకే గాయకబృందం పాడుతూ.

మా ఉత్తరాన సాగనంపేవాళ్ళు ఊరి చివర తమంతట తామే ఆగిపోతారు. అతిథి "ఇక వెళ్ళండి" అన్నాడా, తిట్టినట్టే. ఇక్కడ దక్షిణాన అంతా తిరగేసి. అతిథి నోటితో "ఇక తిరగండి, మీ పొయ్యి చల్లారిపోతుంది" అనేదాకా వీళ్ళు ఆగకూడదు. ఆగితే తిండి పెట్టి విసుక్కున్నట్టు. "మేం పోతాం" అని అడగనూ కూడదు. బోరింగు దగ్గర ఆడవాళ్ళు చెబితే తెలిసింది. ఈయన బోరింగు దగ్గరికి రారు కదా. ఎక్కడికెళ్ళినా ఆ మాట నేనే అనేస్తుంటాను.

ఇవాళ నా గొంతు కాస్త బొంగురుగా ఉంది.

ఊరి చివర దాటాం. జొన్నచేలు దాటాం. వాళ్ళు వస్తూనే ఉన్నారు. ఈయన అద్దంలో చూసి మురిసిపోయారు. "ఎంత ఆసక్తి! చూశావా న్యగోండ్వే?" పెద్దావిణ్ణి నడిపించడం బాగోదని బండి ఆపి వెనక ఎక్కించుకున్నారు. ఆవిడ ఎక్కాక మిగతావాళ్ళు ఎందుకు ఎక్కరు? బరువుకి వెనక చక్రాలు మళ్ళీ దిగబడ్డాయి. అందరూ దిగి తోశారు. బండి బయటపడింది. అందరూ మళ్ళీ ఎక్కారు. బండి మళ్ళీ దిగబడింది.

లైటోన్‌కు ఆ మాట సంగతి తెలుసు, ఇక్కడివాడే. కానీ పాస్టరుగారికి మర్యాద నేర్పడం వాడి పని కాదట. నావైపు చూశాడు. నేను గొంతు పట్టుకుని చూపించాను.

కోడిని వండడానికి కుదరలేదు.

ఏప్రిల్ 1, బుధవారం

బండి కంటే నడిచేవాళ్ళు ముందున్నారు. గొంతు అలాగే ఉంది.

ఏప్రిల్ 2, గురువారం

నిన్న బసచేసిన ఊరివాళ్ళు కూడా సాగనంపడానికి బయలుదేరారు. అంటే ఇప్పుడు రెండు ఊళ్ళు. రెండు గాయకబృందాలు. రెండింటికీ పడదు. బండికి చెరో పక్క నిలబడి వేరువేరు పాటలు పాడుతున్నాయి.

గోగో ఎలుబీ దారిపొడుగునా పికప్ కిటికీ దగ్గర తల పెట్టి ఈయనతో మాట్లాడుతూనే ఉంది.

"అయ్యగారూ, నా మేక ఇవాళో రేపో ఈనేలా ఉంది."

"దేవుడు చూసుకుంటాడు గోగో."

"పొయ్యి మీద చిక్కుళ్ళు వదిలేసి వచ్చాను."

"మార్తా మరియల కథ గుర్తుందా గోగో? మార్త వంటింట్లో ఉండిపోయింది. మరియ వాక్యం దగ్గర కూర్చుంది. నువ్వు మరియవి!"

గోగో ఆయన్ని చాలాసేపు చూసింది. తర్వాత నావైపు తిరిగింది.

"అమ్మగారూ, మీ గొంతెలా ఉంది?"

"బొంగురుగానే ఉంది గోగో."

"ఇందాక కోడిని అదిలించినప్పుడు బాగానే వినపడిందే!"

కోడితో మాట్లాడే గొంతు వేరు.

ఈ లెక్కన ఈస్టర్‌కి చింబుటో చేరడం కష్టం. ఆ సంగతి ఎంతో విచారంతో రాస్తున్నాను. పట్నం ఇంట్లో కొళాయి కింద సిమెంటు తొట్టి కూడా ఉన్నట్టు గుర్తు.

ఏప్రిల్ 3, శుక్రవారం

ఎర్రకోడి పాటల పుస్తకాల పెట్టెలో గుడ్డు పెట్టింది. గుడ్లు పెట్టే కోడిని వండడం దండగ. లెక్క ప్రకారమే చెబుతున్నాను, వేరే ఏమీ లేదు.

ఏప్రిల్ 5, మట్టలాదివారం

మూడో ఊరు. ఈయన ప్రసంగం "ఆసక్తి" అనే అంశం మీద. గోగో ఎలుబీని లేపి నిలబెట్టి, "ఇంటిని, మేకను, చిక్కుళ్ళను వదిలి దేవుని పని వెంట నడిచిన ఈ తల్లిని చూడండి!" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత ఆవిణ్ణి ప్రార్థన చేయమన్నారు.

గోగో చేతులు పైకెత్తి గట్టిగా అంది, "ప్రభువా, నీ సేవకుడి నోరు తెరువు! ఒక్క మాట కోసం తెరువు! చిన్న మాటే ప్రభువా!"

అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నది ఈయనే. ఆ ఉత్సాహంతో ఇంకో గంట ప్రసంగించారు.

నా పక్కన కూర్చున్న లైటోన్ మొహం చేతుల్లో దాచుకున్నాడు. భుజాలు అదురుతున్నాయి. ఏడుస్తున్నాడేమో అనుకున్నాను. కాదు.

ప్రసంగం అయ్యాక మూడో ఊరు కూడా చెప్పులు వేసుకుంటోంది.

ఏప్రిల్ 7, మంగళవారం

పిండి అయిపోవచ్చింది. ఇంతమందికి న్సీమా కెలికి భుజం పట్టేసింది. ఎంత వండినా అడుగంటిన పెచ్చు కూడా మిగలడం లేదు. పంచదార డబ్బా మాత్రం ఎవరికీ చూపించలేదు. ఎవరికోసం దాచానని ఈయన అడిగారు. ఎవరికోసమూ కాదన్నాను.

ఏప్రిల్ 9, గురువారం

ఇవాళ్టిది వివరంగా రాయాలి.

పొద్దున్నే చింబుటో వాగు దగ్గరికి వచ్చాం. వంతెన స్థానంలో రెండు గుంజలు ఉన్నాయి. నీళ్ళు తొడల దాకా ఉన్నాయి. అడుగున అన్నీ జారుడు బండలు. ఇంజను మునిగితే అంతే సంగతులు. ఊరు అవతల కొండ మీద కనిపిస్తోంది. లైటోన్ "చెప్పానా, దగ్గరే," అన్నాడు.

మనుషులు దాటొచ్చు కదా, బండెందుకు అనుకున్నాను. కానీ ఈయన మోకాలు సంగతి నాకు తెలుసు. పోయినేడు బురదలో పడిన దగ్గర్నుంచి మెట్టు ఎక్కాలంటేనే గోడ పట్టుకోవాలి. ఆ కొండ బండి మీద తప్ప ఎక్కలేరు.

ఈయన ఒక రాయి మీద కూర్చున్నారు. కళ్ళు మూసుకున్నారు గానీ ప్రార్థన చేయడం లేదు. ప్రార్థన చేసేటప్పుడు పెదాలు కదులుతాయి.

"మూడోసారి కూడా అయిపోయింది న్యగోండ్వే. పద. పట్నం పోదాం. నీకు కొళాయైనా దక్కుతుంది."

నేను కొళాయి మాట ఈయన దగ్గర ఎప్పుడూ ఎత్తలేదు. నిద్రలో ఏమైనా అన్నానేమో.

అప్పుడు అవతలి ఒడ్డు మీద తెల్లగా ఏదో కనిపించింది. కొంగ అనుకున్నాను. సోజీన్యో తాత. ఆ తెల్ల చొక్కా తొడుక్కుని, గుండీలన్నీ మెడదాకా పెట్టుకుని, గట్టు మీద కూర్చున్నాడు. మమ్మల్ని చూసి చెయ్యి ఊపలేదు, లేవలేదు. చొక్కా నలుగుతుందని కదలడం లేదని తర్వాత తెలిసింది. సోమవారం నుంచీ రోజూ అలాగే వచ్చి కూర్చుంటున్నాడట.

నేను కట్టెలు రాజేసి మిగిలిన పిండంతా న్సీమా కెలికాను. ఏదో ఒకటి చేస్తూ ఉండాలి కదా.

ఇంతలో లైటోన్ మనసు చంపుకుని ఈయన దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "అయ్యగారూ, ఎలాగూ తిరిగిపోతున్నాం. వీళ్ళనైనా ఇళ్ళకు పంపండి. మీరు ఆ మాట అనకపోతే వీళ్ళు ఆగరండీ. పొయ్యి చల్లారే మాట. గోగో న్యమితుతు నుంచీ దానికోసమే చూస్తోంది."

ఈయన చెవుల దాకా నల్లబడ్డారు. "మేక," అన్నారు. "చిక్కుళ్ళు," అన్నారు. ఆ తర్వాత, "ఆవిణ్ణి మరియ అన్నానే!"

వెంటనే లేచి, కోటు సర్దుకుని, జనం ముందుకు వెళ్ళి రెండు చేతులూ ఎత్తారు. మూడు ఊళ్ళవాళ్ళూ లేచి నిలబడ్డారు. గోగో ఎలుబీ కళ్ళు మెరిశాయి.

"నా ప్రియమైన వాళ్ళారా," అన్నారు ఈయన. "నన్ను క్షమించండి. ఇక తిరగండి, మీ పొయ్యి..."

నా చేతిలో న్సీమా ముద్ద ఉంది. వేడిగా, పిడికిలంత. అది ఆయన నోట్లో ఎలా వెళ్ళిందో నేను చెప్పలేను. చెయ్యి మాత్రం నాదే.

రెండు గాయకబృందాలూ మొదటిసారి ఒకేసారి ఊరుకున్నాయి. ఈయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వేడికే అయ్యుంటుంది.

"అయ్యగారు మాట పూర్తి చేయలేదు," అన్నాను నేను. గొంతు గంటలా మోగింది. నాకే ఆశ్చర్యం వేసింది. "పూర్తి చేసేదాకా మీరు ఆగకూడదు కదా. మాకు దారి అటు," అని వాగు చూపించాను.

గోగో ఎలుబీ నడుం మీద చేతులు పెట్టుకుంది. "అమ్మగారి గొంతు నయమైనట్టుందే!"

"దేవుడి దయ గోగో."

"ఇన్నాళ్ళూ నా మేకకి అడ్డం పడింది ఈ గొంతేనా?"

"అయ్యగారు నమిలేస్తున్నారు గోగో. తొందరగా కానివ్వాలి."

ఆవిడ ఒక్క క్షణం నన్ను చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు ముందు తలగుడ్డను కదిలించింది, తర్వాత మొత్తం మనిషిని. "ఏమర్రా చూస్తున్నారు?" అని గాయకుల మీద అరిచింది. "పాటలు చాలు. వంతెన గుంజలు పీకండి! మగాళ్ళు కిందికి, ఆడాళ్ళు పక్కకి! ఆయన మింగేలోపు అవతల ఉండాలి!"

గుంజలు బండి కిందికి దూర్చారు. తాళ్ళు కట్టారు. సామాను ఆడవాళ్ళ నెత్తికెక్కింది. ఈయన్ని, నన్ను, కోడిని లోపల కూర్చోబెట్టారు. బండిని ఒక్కసారిగా లేపారు. చక్రాలు నేల వదిలాయి. ఈయన అలవాటుకొద్దీ కళ్ళు మూసుకుని గేరు వేశారు.

మధ్యలో ఒకడు జారాడు. బండి నావైపు వాలింది. చిటెంజె గుడ్డ ముడి ఊడి తలుపు తెరుచుకుంది. నేను తలుపుతో పాటు వాగు మీద వేలాడాను. "అమ్మగారూ, దిగిపోతున్నారా?" అని కిందనుంచి ఎవడో అడిగాడు. నోటికొచ్చింది ఏదో అన్నాను. పాస్టరు భార్య అనాల్సిన మాట కాదది. అందరూ విన్నారు. నయమైన గొంతుతో వచ్చిన ఇబ్బంది ఇది.

అవతల గట్టు మీద బండిని దించారు. సోజీన్యో తాత అప్పుడు లేచాడు. మెల్లగా, చొక్కా నలగకుండా. "వచ్చారా అమ్మగారూ?" అన్నాడు, పక్క వీధినుంచి వచ్చినట్టు.

నేను పంచదార డబ్బా ఎక్కడ పెట్టానో వెతకడానికి వెళ్ళాను.

ఏప్రిల్ 12, ఈస్టర్

బాప్తిస్మాలు అయ్యాయి. సోజీన్యో తాత నీళ్ళలోకి దిగేముందు చొక్కా విప్పి, తడవకుండా మడిచి నా చేతికిచ్చాడు. ఇన్నేళ్ళు దాచింది దేనికి తాతా అని అడిగాను. "బయటికొచ్చాక వేసుకోవడానికమ్మా," అన్నాడు.

టీలో ఏడు చెంచాలు వేశాను. లెక్క రాసేటప్పుడు ఒకటని రాశాను.

ఏప్రిల్ 16, గురువారం

ఇల్లు చేరాం. వాగు దగ్గర మళ్ళీ మోశారు. ఈసారి ముద్ద అక్కర్లేకుండానే ఈయన నోరు మూసుకుని కూర్చున్నారు. ఆ తర్వాత నుంచి ప్రతి ఊళ్ళోనూ ఈయన "ఇక తిరగండి, మీ పొయ్యి చల్లారిపోతుంది" అని అన్నారు. నేర్చుకున్న ఉత్సాహం. సాగనంపేవాళ్ళతోనే కాదు, వాకిట్లో జొన్నలు ఎండబెట్టుకుంటున్నవాళ్ళతో, సైకిలు మీద ఎదురొచ్చినవాళ్ళతో, ఒకచోట పోలీసుతో కూడా అన్నారు. పోలీసు వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు, పాపం.

న్యమితుతులో గోగో మేక ఎవరి సాయమూ లేకుండా రెండు పిల్లల్ని ఈనింది. గోగో మాత్రం బండి దిగలేదు.

"గోగో, మీ ఊరు," అన్నారు ఈయన.

"కనపడుతోంది."

"ఇక తిరగండి గోగో, మీ పొయ్..."

ఆవిడ గుప్పెడు వేరుశనక్కాయలు, పొట్టుతో సహా, ఆయన నోట్లో కుక్కింది. "అది ఎప్పుడో చల్లారింది. ఈ అమ్మగారి పొయ్యి ఎలా ఉంటుందో చూద్దామని."

ఇప్పుడు మా వంటింట్లో కూర్చుని నా ఉప్పు డబ్బా సర్దుతోంది. నేను సర్దిన పద్ధతి బాగోలేదట.

ఏప్రిల్ 18, శనివారం

ఛైర్మన్‌గారు వచ్చారు. చింబుటో పేరు ఉంచుతారట. ఈయన పనితనం మెచ్చి పట్నం ఇల్లు కూడా ఇస్తామన్నారు. కావాలంటే వచ్చే వారమే.

ఈయన నావైపు చూశారు. నేను గుడ్లు వొలుస్తున్నాను.

"ఇంట్లో చుట్టాలున్నారండీ," అన్నాను. "ఇప్పుడెలా కదులుతాం?"

ఈయన గుడ్డు ఈయన పళ్ళెంలోనే వేశాను. ఛైర్మన్‌గారు చెయ్యి చాపారు గానీ గోగో ఎలుబీ చూస్తూ ఉండడంతో వెనక్కి తీసుకున్నారు.

ఏప్రిల్ 20, సోమవారం

రోడ్డు పక్కన కూర్చుని రాస్తున్నాను. పొద్దున్న గోగో బయలుదేరింది. మర్యాద ప్రకారం సాగనంపడానికి మేమూ బయలుదేరాం. మోకాలు వల్ల ఈయన బండిలో, నేనూ గోగో ముందు నడుస్తూ. చెరుకు తోటలు దాటేశాం. ఎర్రకోడి నా చంకలో ఉంది.

ఆవిడ ఇంకా ఆ మాట అనలేదు. అనే ఉద్దేశం ఉన్నట్టూ లేదు. ఇందాక గొంతెలా ఉందని అడిగాను.

"కాస్త బొంగురుగా ఉందమ్మా," అంది.

ఇంట్లో పొయ్యి ఈపాటికి చల్లారే ఉంటుంది.